కుట్లు విప్పే రోజు

మా దవాఖానలో రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీద, అన్నిటికన్నా అడుగున, "కుట్లు విప్పుటకు రావలసిన తేదీ" అని అచ్చువేసి ఉంటుంది. దాని పక్కన బెత్తెడు ఖాళీ. పంతొమ్మిదేళ్లుగా ఆ ఖాళీ నింపేది నేనే. డాక్టర్లు మందులు రాస్తారు, నేను తేదీ రాస్తాను. సిద్దిరాములు కాగితం మీద తేదీ రాయలేదు. అడ్డంగా ఒక గీత గీసి ఇచ్చాను. గీయడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దాన్ని మోయడం మాత్రం ఇప్పటికీ నాకు చేతకావడం లేదు.

నా పేరు మమతారాణి. మాది నిర్మల్ జిల్లా ఖానాపూర్. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. దవాఖాన పేరు చెప్పను. చెబితే తప్పంతా దాని మీదికి నెట్టి నేను చేతులు దులుపుకున్నట్టవుతుంది. నాకు నోరెక్కువని అందరూ అంటారు. రోగుల వెంట వచ్చేవాళ్లను కసురుతాను, కొత్త డాక్టర్లను కూడా వదలను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అవ్వ చెప్తూనే ఉండేది. నేను వింటేగా.

సిద్దిరాములు సిరిసిల్ల మనిషి. పద్మశాలీలు. తండ్రి చేతిమగ్గం మీద చీరలు నేసేవాడు. ఆ మగ్గానికి పని లేకుండా పోయాక కొడుకును పదిహేనో ఏట మహారాష్ట్రలోని భీవండికి బస్సు ఎక్కించాడు. పద్దెనిమిదేళ్లు అక్కడ మరమగ్గాల మీద పనిచేసి, నడుమ వచ్చి జమునను పెళ్లి చేసుకుని, ఆఖరికి ఊరికే తిరిగొచ్చి రామచంద్రం అనే ఆసామి షెడ్డులో చేరాడు. ఆసామి అంటే అక్కడ సొంత మరమగ్గాలున్న చిన్న యజమాని. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. ఒక్కో మనిషి ఎనిమిది సాంచాలు చూసుకోవాలి. పొద్దున ఎనిమిదికి నిలబడితే రాత్రి దాకా నిలబడే ఉండాలి. జమున ఇంట్లో బీడీలు చుడుతుంది. నవ్యశ్రీ అని ఒక్కతే బిడ్డ, ఇంటర్ చదువుతోంది.

ఇవన్నీ నాకు జమున చెప్పింది. సిద్దిరాములు చెప్పింది ఒక్కటే. ఎనిమిది సాంచాలు ఒక్కసారి మోగుతున్నా, ఏ సాంచా మీద పోగు తెగిందో తాను చూడకుండానే చెప్పగలనని. తెగిన పోగును రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి అతికితే ఆ అతుకు ఎక్కడుందో ఆసామి కూడా పట్టలేడట. ఈ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతు వార్డంతా వినపడింది. సాంచాల మోతకు ఆ పని చేసేవాళ్లందరికీ చెవులు మందగిస్తాయి, అందుకే గట్టిగా మాట్లాడతారు. అది తెలియక మొదటిరోజు ఆయన్ను రెండుసార్లు కసిరాను. ఆయన నవ్వి, "గొంతు తగ్గిస్తే నాకే ఇనబడది సిస్టర్" అన్నాడు.

ఆయనకు కుడి గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు ఉండేది. నిలబడితే బయటికి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. హెర్నియా. కడుపు గోడలో సందు పడి పేగు తోసుకొస్తుంది. నిలబడి నిలబడి, బరువులెత్తి ఎత్తి వస్తుంది. రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. తను నేసిన గుడ్డలోంచే ఒక పట్టీ చింపుకుని నడుముకు బిగించి కట్టుకుని పనిచేశాడు. ఒకరోజు ఆ ఉబ్బు లోపలికి పోకుండా నొప్పి పట్టుకుంటే జమున చూసి, గొడవపెట్టి, నిరుడు శివరాత్రికి నెల ముందు మా దగ్గరికి తెచ్చింది. షుగర్ కూడా ఉందని మా పరీక్షల్లోనే బయటపడింది. తెచ్చే ముందు వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. మంచిగైతే, కుట్లు విప్పిన నాడే నేరుగా గుడికి వచ్చి కోడెను కడతామని. మా వైపు కోడె మొక్కంటే తెలియనివాళ్లుండరు. కోడెదూడను తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి అక్కడ కట్టేసి వస్తారు. ఆ మొక్కు చెల్లేదాకా విప్పనని జమున మెడలో పసుపుకొమ్ము కట్టుకుంది.

మా సర్జన్ వంశీధర్‌రావు సార్ చెయ్యి మంచి చెయ్యి. ఆ సందు మీద లోపల ఒక జాలీ పెట్టి మూసేస్తాడు. దోమతెర ముక్కలాగుంటుంది. ముందురోజు సార్ ఆ జాలీ నమూనా చూపించి వివరిస్తుంటే సిద్దిరాములు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, వేలితో లాగి, పోగులు లెక్కపెట్టి, దీన్ని ఏ సాంచా మీద నేశారని అడిగాడు. నేనూ సారూ నవ్వుకున్నాం. ఆయన మాత్రం నవ్వలేదు, నేత గట్టిగానే ఉందని తల ఊపి తిరిగిచ్చాడు.

అప్పటికి మా దవాఖానలో గమ్ము వచ్చి ఏడాది కావొస్తోంది. లోపలి పొరలకు కరిగిపోయే దారంతో కుట్లు వేసి, పైతోలుకు కుట్ల బదులు గమ్ము రాస్తారు. చిన్న గొట్టంలో ఊదారంగు నీళ్లలా ఉంటుంది. గాటు అంచులు రెండూ దగ్గరికి పట్టి దాని మీద పూస్తే నిమిషంలో గట్టిపడుతుంది. పది దినాలకు పొరలా దానంతటదే ఊడిపోతుంది. కుట్ల గుర్తులుండవు, కట్టు మార్చే పనుండదు. నేను దాన్ని తప్పుపట్టను. వందల మందికి పూశాం, వందల మంది హాయిగా ఇళ్లకు పోయారు. శుభ్రమైన గాటుకు అది బంగారం. లోపల చీము ఉన్న పుండుకు మాత్రం పెట్టకూడదు, పెడితే మూతేసినట్టే. ఇదంతా నాకు తెలుసు. చెప్పాల్సినవాళ్లకు చెప్పానా అన్నదే అసలు సంగతి.

ఆపరేషన్‌కు నడుము కిందే మత్తిచ్చారు కాబట్టి సిద్దిరాములుకు మెలకువగానే ఉంది. ఆఖరున సార్ గమ్ము అడగడం విన్నాడు. దాని వాసన కూడా పసిగట్టాడు. భయపడ్డాడు. తల తిప్పి నా వైపు చూసి, సూదీ దారం లేవా, ఇంత మనిషిని గమ్ముతో అతికి పంపుతారా అని అడిగాడు. నా చేతిలో పని ఉంది, బయట ఇంకో ఇద్దరు రోగులు ఎదురుచూస్తున్నారు. నోరు ముందే సిద్ధంగా ఉంటుంది కదా.

"సాంచాల కాడ వేలు తెగితే ఏం పెట్టుకుంటవ్ అన్నా? దుకాణంల దొరికే గమ్ము చుక్కనే గద. గిదీ దాని అక్కచెల్లెలే. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆయన నవ్వాడు. భయం పోయింది. నిజంగానే షెడ్లలో పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె తగిలి వేలు చిట్లితే గమ్ము చుక్క వేసుకుని పనిలోకి దిగుతారు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే అన్నాను. రోగికి తన బతుకులో ఉన్న మాటతోనే ధైర్యం చెప్పానని ఆ పూట నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మూడోరోజు ఇంటికి పంపాం. కాగితం నింపుతుంటే జమున పక్కనే నిలబడి, కుట్లు ఎప్పుడు విప్పుతారని అడిగింది. మొక్కు చెల్లించడానికి ఆమెకు ఆ తేదీ కావాలి. కుట్లే లేనిది ఏం విప్పుతామని చెప్పి, గమ్ము పూసిన అందరికీ కొట్టినట్టే గీత కొట్టాను. ఆమె ఆ గీత వైపు చాలాసేపు చూసింది. మరి ఎన్నొద్దులకు రావాలని అడిగింది. నొప్పి లేకుంటే రావాల్సిన పనే లేదన్నాను. మూడు నెలలు బరువులెత్తొద్దని చెప్పాను. చెప్పాను, కాదనను. తడపొద్దు, నూనె రాయొద్దు, గోకొద్దు, మలబద్ధకం రానీయొద్దు, ఆ వరసలో ఇదొకటి. కందిపప్పు తినొచ్చా అని ఆమె అడిగిన దానికీ, దీనికీ ఒకే గొంతుతో జవాబిచ్చాను.

సిరిసిల్ల షెడ్లలో ఒక కట్టుబాటుంది. నాకు అప్పుడు తెలియదు. ఎవరికైనా ఆపరేషన్ అయితే కుట్లు విప్పేదాకా వాళ్ల సాంచాలు వాళ్లవే. అంతవరకు బదిలీ మనిషి నడిపిస్తాడు. కుట్లు విప్పిన మర్నాడు ఆ మనిషి కాగితం పట్టుకుని షెడ్డుకు వస్తాడు, అంగీ ఎత్తి గుర్తులు చూపిస్తాడు, నలుగురూ చాయ్ తాగుతారు, బదిలీ మనిషి పక్కకు తప్పుకుంటాడు. కాగితం మీద తేదీ ఎంత దూరంగా ఉంటే అంత సెలవు. ఆ తేదీ లోపల రమ్మని ఏ ఆసామీ అనడు, అంటే షెడ్డంతా ఉమ్మేస్తుంది. ఎవరూ రాసిపెట్టని ఈ కట్టుబాటు మీదే వాళ్ల ఒళ్లు కాస్తంత విశ్రాంతి చూస్తుంది.

రామచంద్రం అరడజను అరటిపండ్లు పట్టుకుని చూడటానికి వచ్చాడట. చెడ్డవాడేం కాదు. తన నాన్న కూడా సాంచాల మీద నిలబడ్డవాడే. సిద్దిరాములు లుంగీ కిందికి జరిపి గాటు చూపించాడు. బెత్తెడు సన్నని గీత, పైన మెరిసే పొర, అంతే. వెంట వచ్చిన షెడ్డువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు, ఆపరేషన్ చేశారా సినిమా పోస్టర్ అతికారా అన్నాడు. అందరూ నవ్వారు, సిద్దిరాములు కూడా నవ్వాడు. రామచంద్రం కాగితం తీసుకుని అడుగుదాకా చదివి, గీత దగ్గర ఆగాడు. కాగితం మడిచి మంచం మీద పెట్టి, మెల్లగా రా తియ్, బదిలీ మనిషికి నీలాగా చెయ్యి కుదరడం లేదు, పోగులు తెగుతున్నాయి అన్నాడు. రమ్మనలేదు, రావొద్దనలేదు. ఎన్నడు రావాలో చెప్పే తేదీ ఆ కాగితం మీద లేదు.

మూడు నెలలని సిస్టర్ చెప్పిందని జమున మొత్తుకుంది. మూడు నెలలు కుట్లున్నోళ్లే కూర్చోరు, కుట్లు లేని నేనెట్ల కూర్చుంటానని ఆయన అన్నాడు. గాటు పెట్టిన నొప్పి కన్నా ఆ పోస్టర్ మాట ఎక్కువ గుచ్చుకుంది. ఒళ్లు దాచుకుంటున్నాడని అనిపించుకోవడం ఆయన జన్మలో లేదు. ఇంటికొచ్చిన ఆరోరోజు పొద్దున అంగీ వేసుకుని షెడ్డుకు పోయాడు.

రెండు రోజులు ఊరికే సాంచాల నడుమ తిరిగాడు. మూడోరోజు బీము మార్చాల్సి వచ్చింది. బీము అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద ఇనుప కడ్డీ, నలుగురు మోయాలి. మోసేవాళ్లు వేరే ఉంటారు. ఆరోజు ముగ్గురే వచ్చారు. నాలుగో కొస కింద సిద్దిరాములు భుజం పెట్టాడు. ఎవరూ పెట్టమనలేదు. పక్కనే నిలబడి చూడటం ఆయనకు చేతకాలేదు.

బీము సాంచా మీద కూర్చున్నాక గజ్జల్లో వెచ్చగా తడి తగిలిందట. వెనక్కి పోయి చూసుకుంటే గాటు ఒక కొసన గోరంత విచ్చుకుని, పచ్చటి నీరు కారుతోంది. ఇంటికి వచ్చాడు. జమున దవాఖానకు పోదామంది. అప్పుడు ఆయన ఏమన్నాడో జమున నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"గమ్ము ఊడింది, అంతే. గా సిస్టరే చెప్పింది, గిదీ అదీ అక్కచెల్లెళ్లని. గంత దూరం పోయి గంత పెద్ద డాక్టరును పరేషాన్ చేసుడెందుకు?"

వీధి చివర కిరాణా కొట్లో గమ్ము ట్యూబు కొన్నాడు. అంచులు రెండూ దగ్గరికి పట్టాడు, సార్ ఎలా పట్టాడో అలాగే. చుక్క చుక్కగా పూశాడు. చురుక్కుమంది, ఓర్చుకున్నాడు. నీరు కారడం ఆగింది. తెగిన పోగు అతికినప్పుడు ఎలా చూసుకునేవాడో అలా చూసుకుని, అతుకు కనబడుతోందా అని జమునను అడిగాడట. కనబడటం లేదని ఆమె అంది. నిజంగానే కనబడలేదు.

తర్వాత రోజూ అదే పని. పొద్దున అంచు విడిచేది, మళ్లీ చుక్క. లోపల చేరుతున్నదానికి బయటికి దారి లేకుండా తన చేత్తో తానే మూస్తూ పోయాడు. జ్వరం వచ్చింది. వీధిలో మందులిచ్చే ఆయన దగ్గర గోళీలు తెచ్చుకుని మింగి షెడ్డుకు పోయాడు. నాలుగు రోజులు ఆ జ్వరంతోనే ఎనిమిది సాంచాలు నడిపించాడు. కాగితం మీద ఒక తేదీ ఉండి ఉంటే ఆ మధ్యలోనే వచ్చేవాడు. ఈ జాతి మనుషులు నొప్పికి రారు, భయానికి రారు, తేదీకి మాత్రం వస్తారు. మా పంతొమ్మిదేళ్ల రిజిస్టర్లు తిరగేయండి, కుట్లు విప్పే రోజున రానివాడు ఒక్కడు కనబడడు. ఆ రోజున మేం గాటు చూసేవాళ్లం, ఒత్తేవాళ్లం, ఎర్రగా ఉంటే ఆపేవాళ్లం. కుట్లు పోతే ఆ చూపు కూడా పోతుందని నాకెందుకు తట్టలేదు? సార్‌కు తట్టకపోవచ్చు, సార్ గాటు చూస్తాడు. మనుషుల్ని చూసేది నేను కదా.

ఇంటికి పంపిన పద్నాలుగో రోజున జమున ఆయన్ను ఆటోలో వేసుకుని వచ్చింది. నడవలేకపోతున్నాడు. నేనే లుంగీ జరిపి చూశాను. గాటు మీద గమ్ము పొరలు పొరలుగా గడ్డకట్టి పసుపురంగు పెచ్చులా ఉంది. దాని చుట్టూ తోలు ఎర్రగా ఉబ్బి తొడ దాకా పాకింది. ముట్టుకుంటే కాలుతోంది. నాకు ముందు కోపం వచ్చింది. అదే నా అలవాటు, భయం కూడా నాకు కోపంలాగే వస్తుంది. నీకు బుద్ధుందా, ఇదేం పని, ఎవరు చెప్పారు నీకు అని వార్డంతా వినపడేట్టు అరిచాను.

ఆయన గట్టిగా మాట్లాడే మనిషి, ఆరోజు గొంతు లేవలేదు. "నువ్వే గద సిస్టర్ చెప్పినవ్" అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. నా మీద తప్పు మోపాలని అనలేదు. చెప్పినట్టే చేశానని, మంచి రోగినని చెప్పుకున్నాడు. మంచం ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

వంశీధర్‌రావు సార్ వచ్చి చూసి, ఈ గమ్ము సంగతి ఈయనకు ఎవరు చెప్పారని అడిగాడు. జమున నా వైపు చూసింది. సిద్దిరాములు కళ్లు మూసుకున్నాడు. నోరెక్కువ ఉన్న నేను ఆ ఒక్కసారి నోరు మెదపలేదు. వాళ్లూ చెప్పలేదు. కాసేపటికి సార్, వీళ్లంతే, ఎంత చెప్పినా వినరు అని గొణుక్కుంటూ థియేటర్ వైపు పోయాడు. ఆ మాట కూడా విని ఊరుకున్నాను.

మళ్లీ తెరిచారు. జాలీ నిండా చీము. సిద్దిరాములు వెలుతురులో పట్టి, పోగులు లెక్కపెట్టి మెచ్చుకున్న ఆ నేతను సార్ ముక్కలు ముక్కలుగా బయటికి తీశాడు. కడిగాడు. చీము కారడానికి సందు వదిలి, దూరం దూరంగా ఆరు కుట్లు వేశాడు. నల్లదారం, లావుది. గమ్ము ఊసే ఎత్తలేదు.

మర్నాడు జ్వరం కొంచెం దిగింది. కట్టు మారుస్తుంటే సిద్దిరాములు తల ఎత్తి చూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని వేలితో గాలిలో లెక్కపెట్టాడు. ఆరు అన్నాడు. మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూడలేక పళ్లెంలో దూది సర్దుతున్నట్టు తల తిప్పుకున్నాను. జమునను పిలిచి ఫోన్‌లో ఫోటో తీసి రామచంద్రానికి పంపమన్నాడు. ఇప్పుడు ఎవరూ పోస్టర్ అనరని చెప్పాడు. ఆమె తీసింది. మొదటిది సరిగా రాకపోతే మళ్లీ తీయించాడు.

తర్వాత నన్ను అడిగాడు. "తేదీ రాసియ్యి సిస్టర్. ఎన్నడు ఇప్పుతరు?"

ఇంటికి పంపే కాగితం అప్పుడే ఎక్కడిది? దూదిపెట్టె అట్టమూత చింపి, పెద్ద అక్షరాలతో వచ్చే సోమవారం తేదీ రాసి మంచం పక్కన మందుల బల్ల మీద నిలబెట్టాను. సోమవారమని చూసి జమున చేతులు జోడించింది. రాజన్న దినం. అటునుంచి అటే వేములవాడ పోదామని ఆయనతో అంది. కోడె తాడు నేనే పట్టుకుంటా, నువ్వు వెంట నడిస్తే చాలు అంది. బరువు కదా, ఆయన పట్టుకోకూడదని నా వైపు చూస్తూ చెప్పింది. నా మాటను ఆమె ఇంకా పాటిస్తోంది.

విషం నెత్తురులోకి ఎక్కిందని ఆ సాయంత్రమే తెలిసింది. షుగర్ ఉన్న ఒళ్లు, తట్టుకోలేదు. మందులు మార్చారు, పెద్దవి పెట్టారు. మూత్రం తగ్గుతూ వచ్చింది. హైదరాబాద్ తీసుకుపోవడానికి సార్ అంబులెన్స్ మాట్లాడాడు. అది గేటు దగ్గరికి వచ్చి నిలబడే ఉంది. గురువారం పొద్దున పది గంటలకు, సార్ అక్కడే ఉండగా, నేను చెయ్యి పట్టుకుని ఉండగా, సిద్దిరాములు పోయాడు. ఆఖరి గంటలో ఏవో పేర్లు చెప్పాడు. భీవండి షెడ్డులో తోటివాళ్ల పేర్లని జమున అంది. నలభై ఆరేళ్లు.

ఎన్ని చావులు చూడలేదు నేను? గుడ్డ కప్పడం, సూదులు తీయడం, కాగితాలు రాయించడం, అన్నీ చేతులు వాటంతటవే చేస్తాయి. ఆరోజు చేతులు అలాగే పనిచేశాయి. నవ్యశ్రీ వాకిట్లో మేనమామ భుజం పట్టుకుని ఏడుస్తోంది. జమున మాత్రం ఏడవలేదు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. నువ్వు చెప్పిన మాటకే నా మొగుడు పోయాడని అందరి ముందూ అంటే ఒప్పుకునేదాన్ని. ఆమె తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా అడిగింది.

"కుట్లు ఇప్పి పంపు సిస్టర్. కుట్లు ఇప్పినంక కోడెను కడ్త అని రాజన్నకు మాటిచ్చిన. సోమారం దాక ఆయన ఆగలే. కుట్లతోనే మట్టికిస్తే గా మొక్కు నేనెట్ల తీర్చుకోవాలె?"

మంచిగైతేనే కదా మొక్కు అని ఎవరైనా అడగొచ్చు. నేను అడగలేదు. దేవుడు తప్పినా తాను తప్పనని ఆమె పట్టుదల. అంతకు మించి ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు.

చచ్చిన మనిషికి కుట్లు విప్పడం ఏ పుస్తకంలోనూ లేదు. సార్‌ను అడగలేదు. పళ్లెం తెచ్చాను, కత్తెర, చిమ్టా, దూది, స్పిరిట్. గుడ్డ పక్కకు జరిపాను. మొదటి కుట్టు ముడి చిమ్టాతో పట్టుకుని ఎత్తాను. పంతొమ్మిదేళ్ల అలవాటు, నోరు ఆగలేదు.

"జర సురుక్కుమంటది అన్నా. ఓర్చుకో" అన్నాను.

జమున ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. తల ఎత్తి నన్ను చూసింది. "ఇంక ఆయనకేం నొయ్యది. నువ్వు కానియ్యి సిస్టర్" అంది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే విప్పాను. ఆరు నల్లదారం ముక్కలు పళ్లెంలో పెట్టాను. ఆమె వాటిని లెక్కపెట్టుకుంది. గాటు శుభ్రంగా తుడిచి దూది పెట్టి కట్టు కట్టాను, బతికున్నవాళ్లకు కట్టినట్టే.

ఆమె ప్లాస్టిక్ కవర్‌లోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పరిచింది. మొదటిసారి నేనిచ్చిన కాగితం. మడత దగ్గర చిరిగితే లోపలివైపు గమ్ముతో అతికి ఉంది, ఆయనే అతికి ఉంటాడు. ఆమె వేలు అడుగున నేను గీసిన గీత మీద పెట్టింది. ఇక్కడ రాయమంది. నా జేబులో పెన్ను తీసి, ఆ గీత మీదే ఆరోజు గురువారం తేదీ రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.